ఘాటు వాసనకు వైరస్ చావదు

పేరున్న కంపెనీ ఫినాయిల్ డబ్బాను వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ‘ఆర్.డబ్ల్యు.సి.’ అని, దాని పక్కన ఒక అంకె కనబడుతుంది. శామ్యూల్ రిడియల్, ఆయిన్‌స్లీ వాకర్ అనే ఇద్దరు బ్రిటిష్ రసాయనవేత్తలు 1903లో తెచ్చిన కొలత అది. టైఫాయిడ్ బాక్టీరియాను నిర్ణీత సమయంలో చంపడానికి కార్బాలిక్ యాసిడ్‌ను, అంటే ఫినాల్‌ను, ఎంత పలచన చేయొచ్చో ముందు చూస్తారు. అదే పనికి ఈ మందును ఎంత పలచన చేయొచ్చో తర్వాత చూస్తారు. రెండింటి నిష్పత్తే ఆ అంకె. 5 అని ఉంటే కార్బాలిక్ యాసిడ్ కంటే అయిదు రెట్లు బలమైనదని లెక్క. ఫినాయిల్‌కు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 1061 ప్రమాణంలో గ్రేడులు తేలేది ఈ అంకెతోనే. ఇందులో ఎక్కడా వైరస్ ఊసు లేదు. ఆ పరీక్ష పుట్టిననాటికి వైరస్‌ను చూసినవాళ్ళే లేరు.

అయినా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ముందు ఫినాయిల్ వాసన గుప్పుమనాల్సిందే. అది ముక్కుకు తగిలితేనే ఇల్లు శుభ్రమైనట్టు. ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. 1867లో గ్లాస్గో సర్జన్ జోసెఫ్ లిస్టర్ గాయాల మీద కార్బాలిక్ యాసిడ్ వాడి, ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. అప్పటి నుంచి తారు వాసన ఆసుపత్రి వాసన అయింది. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి బొగ్గు తారు నుంచి తీసిన ఆ కుటుంబపు రసాయనాలే. తెల్ల ఫినాయిల్ ఘాటు చాలావరకు పైన్ నూనెది. ఇక బండి మీద వీధుల్లో అమ్మే లూజు ఫినాయిల్‌కు లేబులే ఉండదు. అందులో ఏముందో, ఎంతుందో అమ్మేవాడు కూడా చెప్పలేడు. కొనేవాళ్ళు మూత తీసి వాసన చూసి కొంటారు.

వాసనను నమ్ముకున్న మందు ఒక్కోసారి నిజంగానే పనిచేస్తుంది. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చేసింది అదే. శవపరీక్ష గదిలోంచి వచ్చిన డాక్టర్ల చేతులకు కుళ్ళు కంపు వదిలేది కాదు. ఆ కంపును పోగొడుతుందని ఆయన క్లోరిన్ సున్నంతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న బాలింతల మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి పడిపోయాయి. క్లోరిన్ సున్నం అంటే మన పంచాయతీ వాళ్ళు మురిక్కాలవల వెంట చల్లే బ్లీచింగ్ పౌడరే. వాసన కోసం ఎంచుకున్నా, ప్రాణాలు కాపాడింది అందులోని క్లోరిన్.

వైరస్ సంగతికొస్తే, దేనికి ఏ మందో తేల్చేది దాని పై తొడుగు. కరోనా, ఫ్లూ, తట్టు వైరస్‌లకు పైన ఒక కొవ్వు పొర ఉంటుంది. అవి మన కణంలోంచి బయటపడేటప్పుడు ఆ కణపు పొరలోనే ఒక ముక్కను కప్పుకుని వస్తాయి. తర్వాతి కణాన్ని పట్టుకునే ముళ్ళు ఆ పొరలోనే నాటుకుని ఉంటాయి. పొర చిరిగితే ముళ్ళు పోతాయి, ఇక ఆ వైరస్ ఎవరికీ అంటుకోలేదు. నోరో, పోలియో, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ, మామూలు జలుబు తెచ్చే రైనో వైరస్‌లకు కొవ్వు పొర లేదు. గట్టి ప్రొటీన్ తొడుగు ఒక్కటే ఉంటుంది. పైన ఇంకో పొర ఉన్నది మరింత మొండిదనుకుంటాం గానీ, జరిగేది దానికి తలకిందులు. ఆ కొవ్వు పొరే దాని బలహీనత. అది లేని వైరస్‌లే గచ్చు మీద, తలుపు గడియ మీద ఎక్కువ కాలం బతికేవి, మందులకు లొంగనివి.

సబ్బు అణువుకు ఒక కొస నీటిని, రెండో కొస కొవ్వును అంటిపెట్టుకుంటుంది. అంట్లగిన్నె జిడ్డు వదిలేది ఇలాగే, కరోనా వైరస్ కొవ్వు పొర చెదిరేదీ ఇలాగే. ఎదుట ఉన్నది నోరో వైరస్ అయితే సబ్బు దాన్ని చంపలేదు. కానీ రుద్దడం వల్ల అది పట్టు వదిలి నీళ్ళతో పాటు కొట్టుకుపోతుంది. అది కూడా చిన్న మేలు కాదు. అందుకే అంట్లు తోమే లిక్విడో, బట్టల పొడో వేసిన బకెట్ నీళ్ళు ఈ మొత్తం వ్యవహారంలో మొదటి స్థానంలో ఉంటాయి. వాటిని పీలిస్తే ఊపిరితిత్తులు మండవు.

జలుబు, ఫ్లూ, కరోనా రోజుల్లో మామూలు ఇంటికి రోజుకోసారి సబ్బు నీళ్ళ తుడుపు చాలదా అంటే, చాలావరకు చాలు. 2020 మార్చిలో అమెరికా పరిశోధకులు కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా, అట్ట మీద 24 గంటల దాకా ఉండగలదని ప్రకటించారు. ఆ అంకెలు మనల్ని ఎంత భయపెట్టాయో గుర్తుండే ఉంటుంది. పాల ప్యాకెట్లు సబ్బు నీళ్ళలో మునిగాయి, న్యూస్ పేపర్లు ఇస్త్రీ పెట్టె కిందికి వెళ్ళాయి. అదే ఏడాది రట్గర్స్ విశ్వవిద్యాలయం సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఇమాన్యుయేల్ గోల్డ్‌మన్ ఒక ప్రశ్న లేవదీశాడు. ప్రయోగశాలలో ఉపరితలం మీద వేసినంత వైరస్, ఒక మనిషి తుమ్మితేనో దగ్గితేనో నిజంగా అక్కడ పడుతుందా? పడదన్నది ఆయన వాదన. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా, వైరస్ పడిన ఉపరితలాన్ని ఒకసారి ముట్టుకుంటే కరోనా సోకే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని తేల్చింది. కరోనా ప్రధానంగా గాలిలో సోకే జబ్బు. కిటికీ తెరిస్తే కలిగే మేలు గచ్చును నాలుగుసార్లు తుడిచినా రాదు.

2020లో మన ఊళ్ళల్లో ట్రాక్టర్లకు ట్యాంకులు కట్టి రోడ్ల మీద హైపోక్లోరైట్ పిచికారీ చేశారు. రైతు బజార్ల ముందు సొరంగాలు పెట్టి మనుషుల మీదే చల్లారు. మనుషుల మీద చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లోనే చెప్పింది, వీధుల్లో చల్లినా లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలో చెప్పింది. చివరికి నవంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆ సొరంగాలను నిషేధిస్తూ ఉత్తర్వులివ్వమని కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. మట్టి, దుమ్ము తగలగానే క్లోరిన్ ఖర్చయిపోతుంది. అంటే రోడ్డు మీద పోసిన హైపోక్లోరైట్‌లో ఎక్కువ భాగం చంపింది దుమ్మును. కొన్ని ఊళ్ళల్లో వీధుల నిండా పసుపు నీళ్ళు, వేపాకు రసం చల్లారు. వాటివల్ల ఎవరి కళ్ళూ మండలేదు గానీ, నేల మీది వైరస్ చచ్చిందనడానికీ ఆధారం లేదు.

బ్లీచ్ నిజంగా అవసరమయ్యే సందర్భం వేరు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ముఖ్యంగా ఒకరి తర్వాత ఒకరు పడుతున్నప్పుడు నోరో వైరస్‌ను అనుమానించాలి. మనిషికి అంటుకోవడానికి దానికి పదుల సంఖ్యలో కణాలు చాలు, రోగి వాంతిలో, మలంలో కోట్లు ఉంటాయి. శానిటైజర్‌కు అది సరిగా లొంగదు. ఇలాంటిచోట క్లోరిన్‌ను మించిన చవక మందు లేదు. అది వైరస్ ప్రొటీన్ తొడుగునే ఆక్సీకరించి పాడుచేస్తుంది, కొవ్వు పొర ఉందా లేదా అన్న తేడా దానికి లేదు.

మనవాళ్ళు తప్పేది కొలత దగ్గర. కరోనా కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆఫీసులకు, బహిరంగ స్థలాలకు 1 శాతం హైపోక్లోరైట్ వాడమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళకు, మామూలు చోట్లకు చెప్పింది 0.1 శాతం. పదోవంతు. నా మటుకు నాకు ఇంటికి రెండోదే సరైన కొలత. దుకాణంలో దొరికే బ్లీచ్ 5 శాతందైతే 20 మిల్లీలీటర్లు, 4 శాతందైతే 25 మిల్లీలీటర్లు కొలిచి, లీటరు అయ్యేదాకా నీళ్ళు కలిపితే 0.1 శాతం వస్తుంది. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న గిన్నెతో కొలవొచ్చు, దాన్ని మళ్ళీ మందుకు వాడకుండా ఉంటే. బ్లీచింగ్ పౌడరైతే, అందులో 30 శాతం క్లోరిన్ ఉందనుకుంటే, లీటరుకు మూడున్నర గ్రాములు చాలు. పొడిని నీళ్ళలో కలిపి కాసేపు వదిలేస్తే సున్నం అడుగుకు చేరుతుంది, పైనున్న తేట వాడుకోవాలి. వాంతి పడిన చోటికి దీనికి అయిదు రెట్ల దాకా చిక్కగా కలుపుకోవచ్చు.

‘30 శాతం ఉందనుకుంటే’ అనడానికి కారణముంది. బ్లీచింగ్ పౌడర్‌కు ఎండా పడదు, చెమ్మా పడదు. కోస్తా ఉక్కపోతలో మూతి కట్టని సంచిలో ఆరు నెలలున్న పొడిలో మిగిలేది చాలావరకు సున్నమే. ద్రవంగా ఉండే బ్లీచ్ కూడా ఎండకు, వేడికి బలం కోల్పోతుంది. నీళ్ళు కలిపినదైతే ఒక రోజు దాటాక నమ్మలేం. ఏ రోజుకారోజు కలుపుకోవడమే పద్ధతి.

ఇంకో సంగతి, మురికి మీద పోసిన బ్లీచ్ వృథా. ముందు గ్లవ్స్ వేసుకుని కాగితంతోనో పాత గుడ్డతోనో వాంతిని ఎత్తేయాలి, తర్వాత సబ్బు నీళ్ళతో కడగాలి, ఆ తర్వాతే బ్లీచ్. పోశాక పది నిమిషాలు ఆ చోటు తడిగా ఉండాలి. మన వేసవిలో ఫ్యాన్ కింద గచ్చు రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, కాబట్టి మళ్ళీ తడపాలి. కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి. పని అయ్యాక మంచినీళ్ళతో తుడిచేయాలి, పసిపిల్లలు పాకే ఇల్లయితే మరీను.

ఈ తడిగా ఉంచే సమయం ఏ మందుకైనా ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్ళే తక్కువ. ‘99.9 శాతం క్రిములను చంపుతుంది’ అని సీసా ముందువైపు పెద్దక్షరాల్లో రాస్తారు. ఏ క్రిమిని, ఎన్ని నిమిషాల్లో అన్నది వెనకవైపు దాక్కుంటుంది. గచ్చు తుడిచే రంగురంగుల ద్రవాల్లో చాలావాటిలో ఉండేది బెంజాల్కోనియం క్లోరైడ్, లేదా దాని తోబుట్టువులు. వీటిలో కొన్నింటికి పది నిమిషాల దాకా తడి కావాలి. చల్లి వెంటనే తుడిచేస్తే సగం పని గుడ్డలోకి పోతుంది. 99.9 అన్న అంకె కూడా వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, పదిలక్షల కణాల్లో వెయ్యి మిగిలాయని దాని రెండో అర్థం. నోరో వైరస్‌కు ఆ వెయ్యి ఎక్కువే. పైగా కొవ్వు పొర లేని వైరస్‌ల మీద ఈ బెంజాల్కోనియం జాతి మందుల ప్రభావం బలహీనం. డెటాల్‌లోని క్లోరోజైలినాల్ కూడా అంతే.

ఇలాంటి మందులను రోజూ పీల్చేవాళ్ళ ఊపిరితిత్తుల గురించి ఇప్పుడు మన దగ్గర గట్టి సమాచారమే ఉంది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరువేల మందికి పైగా మనుషులను ఇరవై ఏళ్ళపాటు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లోనో ఉద్యోగంలోనో శుభ్రం చేసే పనిచేసిన ఆడవాళ్ళ ఊపిరి బలం, ఆ పని చేయనివాళ్ళకంటే వేగంగా తగ్గింది. మగవాళ్ళలో ఆ తేడా కనబడలేదు. పనిమనిషి చేతికి ఫినాయిల్, బ్లీచ్, యాసిడ్ అన్నీ ఇచ్చి తలుపేసుకునే ఇళ్ళవాళ్ళు ఈ సంగతి కాస్త ఆలోచించాలి. స్ప్రే కొడితే సన్నని తుంపరలు నేరుగా ఊపిరిలోకి పోతాయి. అదే మందును గుడ్డ మీద పోసుకుని తుడిస్తే ఆ బెడద చాలా తగ్గుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే ఫినాయిల్‌కు పూర్తిగా సెలవిచ్చేయడం మంచిది. ఫినాల్ రకాలను అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ, అది తడి గచ్చు మీద నడిచి ఆ పాదాలనే నాకుతుంది.

మరి కాస్త సౌమ్యమైన మందులేవి? అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ‘డిజైన్ ఫర్ ది ఎన్విరాన్‌మెంట్’ అనే ముద్ర ఇచ్చే క్రిమినాశకాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సిట్రిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ వంటివి కనిపిస్తాయి. అక్కడున్న మనవాళ్ళు సీసా మీద ఆ ముద్ర చూసి కొనుక్కోవచ్చు. ఇక్కడైతే లేబుల్ మీద ఈ పేర్లను వెతుక్కోవాలి.

వీటిలో నా ఓటు పెరాక్సైడ్‌కు. పని అయ్యాక అది నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. గదిలో ఘాటు మిగలదు. మన మందుల షాపుల్లో ‘20 వాల్యూమ్స్’ అని రాసి అమ్మేది సుమారు 6 శాతం. సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. ఉత్త పెరాక్సైడ్ పని నెమ్మది, కనీసం పది నిమిషాలు తడిగా వదలాలి. సబ్బు లాంటి పదార్థాలు చేర్చి కంపెనీలు తయారుచేసేవి ఇంకా త్వరగా పనిచేస్తాయి. వెలుతురు తగిలితే చెడిపోతుంది కాబట్టి ముదురు రంగు సీసాలోనే ఉంచాలి, రంగు బట్టల మీద పడితే మచ్చ పడుతుంది.

ఆల్కహాల్‌ను సెల్‌ఫోన్‌కు, స్విచ్చులకు, తాళం చెవులకు మించి వాడనక్కర్లేదు. 60 నుంచి 80 శాతం మధ్య ఉన్నదే బాగా పనిచేస్తుంది. వందకు దగ్గరైన కొద్దీ పని మందగిస్తుంది, ఎందుకంటే ప్రొటీన్లను విరగ్గొట్టడానికి దానికి కొంత నీరు తోడు కావాలి, పైగా చిక్కటిది క్షణాల్లో ఆవిరైపోతుంది. గ్యాస్ పొయ్యి గట్టును దీనితో తుడవకండి, అంటుకుంటుంది. స్విచ్చు మీద నేరుగా చల్లకుండా గుడ్డకు అద్ది తుడవాలి.

సిట్రిక్ యాసిడ్ అనగానే నిమ్మకాయ పిండుకుంటే సరిపోదా అని అడిగేవాళ్ళుంటారు. సరిపోదు. ముద్ర పొందిన మందుల్లో దాని మోతాదు, తోడు పదార్థాలు పరీక్షించి పెట్టినవి. వంటింటి వినిగర్ కూడా నమ్మదగ్గ వైరస్ మందు కాదు, నోరో లాంటివాటి మీద మరీ కాదు. పైగా మన ఇళ్ళకు ఆమ్లాలతో ఇంకో పేచీ ఉంది. తాండూరు, బేతంచెర్ల, కడప బండలన్నీ సున్నపురాయి జాతివి. ఆమ్లం పడితే బుసబుస పొంగి నునుపు పోతుంది. బాత్రూం యాసిడ్ పోసి కడిగిన నాపరాతి గచ్చు కొన్నేళ్ళకు గరుకెక్కి, ఆ గరుకులో మురికి మరింత పట్టడం చాలా ఇళ్ళల్లో చూస్తాం. ఆ గచ్చుకు సబ్బు నీళ్ళే సరైన మందు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏ ఒక్క సీసాలోనూ లేదు, రెండు సీసాలను కలపడంలో ఉంది. టాయిలెట్ కడిగే ద్రవాల్లో చాలావరకు ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ‘బాగా తెల్లబడుతుంది’ అని దాని మీద బ్లీచో బ్లీచింగ్ పౌడరో వేస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. నాలుగడుగుల బాత్రూంలో, తలుపేసుకుని, వంగి రుద్దుతున్న మనిషికి ఆ మేఘం చిన్నదేమీ కాదు. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, వినిగర్ కలిసినా క్లోరినే. 2020 మొదటి మూడు నెలల్లో అమెరికా విష సమాచార కేంద్రాలకు ఇలాంటి మందుల గురించి 45,550 ఫోన్లు వచ్చాయి, అంతకు ముందటి ఏడాది ఇవే నెలల కంటే ఇరవై శాతం ఎక్కువ. వాటిలో సీడీసీ ప్రత్యేకంగా చెప్పిన కేసుల్లో ఒకటి ఒక మహిళది. కూరగాయలు కడగడానికి ఆమె సింకులో బ్లీచ్, వినిగర్, వేడినీళ్ళు కలిపింది. ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. కూరగాయలకు మంచినీళ్ళు చాలు, బ్లీచ్ వాటి జోలికే పోకూడదు.

అలాంటి ఘాటు ఎప్పుడైనా ముక్కుకు తగిలితే గిన్నె బోర్లించి, కడిగి సరిచేద్దామని అక్కడే నిలబడకండి. వెంటనే బయటి గాలికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చివరిగా, దాచే పద్ధతి. 2020 జులై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళు తెలిసి తాగారు. పిల్లలు తెలియక తాగుతారు. లూజుగా కొన్న ఫినాయిల్‌ను, యాసిడ్‌ను కూల్ డ్రింక్ సీసాలో పోయించుకుని స్నానాల గది మూలన పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. దాహంతో వచ్చిన పిల్లవాడు సీసా ఆకారం చూస్తాడు, లోపలేముందో చూడడు. ఏ మందు కొన్నా దాని సీసాలోనే, దాని లేబుల్‌తోనే, పిల్లల చేతికి అందని అలమరలో పెట్టండి. లేబుల్ లేని మందును అసలు ఇంటికే తేకండి.